దద్దోజనంలో బంగారు చుక్కలు

నేను ఒక లూపును. అంటే పెద్ద వింతేమీ కాదు. జానెడు ఇత్తడి పిడి, దాని కొసన సన్నటి తీగ, ఆ తీగ చివర కందిగింజ పట్టేంత చుట్టు, అంతే. సూక్ష్మజీవుల ప్రయోగశాలలో క్రిముల్ని ఒక చోటి నుంచి ఎత్తి ఇంకో చోట పెట్టడం నా ఉద్యోగం. చూడటానికి ఇంతే ఉన్నా నాకు గర్వం మాత్రం గంపెడు. ఎందుకుండకూడదు? సీతమ్మవారు ఒక్కసారి అగ్నిప్రవేశం చేస్తే ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నేను ప్రతి పనికీ ముందొకసారి, తర్వాత ఒకసారి మంటలో దూకి ఎర్రగా కాలి వస్తాను. చెప్పుకునేవాళ్లు లేక ఇదిగో, నేనే చెప్పుకుంటున్నాను.

నాది నిక్రోమ్ తీగ వంశం. ఇస్త్రీపెట్టెల్లో, నీళ్లు కాచే హీటర్లలో కాలేవాళ్లంతా నా తోబుట్టువులే. ఒకే చుట్టలోంచి తెగి తలో దిక్కుకూ పోయాం. ఒక సైన్సు సామాన్ల కొట్టువాడు నాకు పిడి బిగించి, గోదావరి జిల్లాల్లోని ఒక వైద్య కళాశాలకు అమ్మాడు. దాని పేరు చెప్పను, చెబితే నొచ్చుకుంటారు. అక్కడ ఎన్ని చేతులు మారానో! కొందరు విద్యార్థులు నన్ను పెన్నులా పట్టుకున్నారు, కొందరు అట్లకాడలా. నేను చల్లారకముందే ముంచి, పరీక్షించాల్సిన క్రిముల్ని చుయ్యిమని వేయించిన మహానుభావులూ ఉన్నారు. ఒక టెక్నీషియన్ ఏదో ఆలోచిస్తూ నాతో చెవి గోక్కోబోయి ఆఖరి క్షణంలో ఆగాడు. ఆ రోజు అతని చెవి బతికిపోయింది.

చివరికి విభాగాధిపతి డాక్టర్ సోమయాజులుగారి దగ్గర స్థిరపడ్డాను. మంచి చెయ్యి. క్రిములకు మేతగా అగర్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద ఆయన నాతో గీత గీస్తే ముగ్గు పెట్టినట్టుండేది. కోపం ముక్కు మీదే ఉండేదనుకోండి, కానీ పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం.

ఆయనకు బాగా తెలిసిన క్రిమి స్టెఫైలోకాకస్ ఆరియస్. నోరు తిరగక అందరూ స్టాఫ్ అంటారు. ప్లేటు మీద బంగారు రంగు చుక్కలుగా పెరుగుతుంది. సెగగడ్డలు, కురుపులు చాలావరకు దాని చలవే. అలాగని ఇరవై నాలుగ్గంటలూ రౌడీతనం చెయ్యదు. ముగ్గురిలో ఒకరి ముక్కులో అద్దె కట్టకుండా హాయిగా కాపురం ఉంటుంది. ఇది చదువుతున్న మీ ముక్కులోనూ ఉండొచ్చు. ఇప్పుడు తడుముకోకండి.

ఆ ఏడు దసరాకి మా ప్రయోగశాలలో ఆయుధపూజ పెట్టారు. మైక్రోస్కోపులకు పసుపు రాశారు, ఇంక్యుబేటరుకు బంతిపూల దండ వేశారు, నా పిడికి కూడా కుంకుమ బొట్టు పెట్టారు. నైవేద్యం దద్దోజనం. అన్నం వండి, పాలు కాచి పంపింది క్యాంటీన్ నడిపే అచ్చియ్యమ్మ. భర్త పోయినప్పటి నుంచీ ఆ పొయ్యే ఆవిడ బతుకు. మనవరాలి నర్సింగు చదువూ దాని మీదే నడుస్తోంది. వంట క్యాంటీన్‌ది అయినా ఫర్వాలేదుగానీ, కలపడం మాత్రం సోమయాజులుగారి చేత్తోనే జరగాలి. అది వాళ్లింటి ఆచారం.

అప్పటికి ఆయన కుడి చూపుడు వేలికి గోరుచుట్టు లేచి ఉంది. నొప్పి లాగేస్తుందని నిమ్మకాయ తొడుక్కుని తిరుగుతున్నారు. కలపబోయే ముందు నిమ్మకాయ తీసి పక్కన పెడుతుంటే, ఆయన కింద పనిచేసే డాక్టర్ నఫీసా చేతి తొడుగు అందించబోయింది.

"సార్, వేలు బాగాలేదు కదా. ఇది వేసుకోండి."

"నైవేద్యానికి రబ్బరు తొడుగేమిటమ్మా! అపచారం!"

ఒట్టి చేత్తో క్రిమి ఉన్న ప్లేటు ముట్టుకున్నందుకు విద్యార్థుల్ని గుమ్మం బయట నిలబెట్టే మనిషి అలా అన్నారు. పులిస్తే బాగుండదని పెరుగు చెంచాడే వేసి, గోరువెచ్చని పాలు ధారాళంగా పోసి, కమ్మగా కలిపారు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి హారతి అందుకుంటేగానీ ప్రసాదం పంచకూడదన్నారు. ప్రిన్సిపాల్‌గారేమో మధ్యాహ్నం భోజనాల వేళకు తీరిగ్గా వచ్చారు. అప్పటిదాకా ఆ గిన్నె ఉక్కలోనే కూర్చుంది.

సాయంత్రం కాకుండానే వాంతులు మొదలయ్యాయి. విద్యార్థులు, గుమస్తాలు, ప్రిన్సిపాల్‌గారు, ఒకరేమిటి, తిన్నవాళ్లంతా వరసగా మంచాలెక్కారు. కలిపిన సోమయాజులుగారూ కక్కుకున్నారు. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

లేచి కూర్చోగానే ప్రిన్సిపాల్‌గారు ఒక కమిటీ వేశారు. కమిటీ క్యాంటీన్‌కు తాళం వేసి, వంటవాళ్ల ముక్కుల్లోంచి, చేతుల మీంచి నమూనాలు తెప్పించింది. అచ్చియ్యమ్మ నమూనాను ప్లేటు మీద గీసింది నేనే. మర్నాటికి అందంగా బంగారు చుక్కలు మొలిచాయి. మిగిలిన దద్దోజనంలోనూ అవే చుక్కలు. దొంగ దొరికిపోయిందని కమిటీ కాఫీ తాగేసింది.

అచ్చియ్యమ్మ ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అయ్యగారండీ, అన్నం వండి పంపానండీ, పాలు పొంగించి పంపానండీ. ఆపైన నా చెయ్యి తగల్లేదండీ. ఈ వయసులో నన్ను పొమ్మంటే ఎక్కడికెళ్లి పొయ్యి ముట్టించుకోనండీ?"

"నేనేం చెయ్యనమ్మా? ప్లేటు అబద్ధం చెప్పదు కదా," అన్నారు సోమయాజులుగారు.

"ప్లేటు అబద్ధం చెప్పదు సార్," అంది నఫీసా. "కానీ అడిగినదానికే జవాబు చెబుతుంది. చుక్క ఉందా అని అడిగాం, ఉందంది. ఏ రకం చుక్క అని మనం అడగలేదు."

నాకు ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది. అప్పుడే కాలి ఉన్నాను గనుక ఆగాను.

సంగతేమిటంటే, ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ ఒకే ఇంటివాళ్లు కారు. స్టాఫ్‌లోనూ శాఖలున్నాయి. జన్యువుల అమరిక చూసి ఎవరు ఏ శాఖవారో పోల్చవచ్చు. కొన్ని శాఖలకు విషం తయారుచేసే జన్యువు తాతల ఆస్తిలా వస్తుంది, కొన్నిటికి మచ్చుకైనా ఉండదు. జన్యువు ఉన్నవి కూడా ఊరికే విషం కక్కవు. వెచ్చదనం, కడుపునిండా తిండి, కాస్త తీరిక కావాలి. పాలన్నం తిండి పెట్టింది, ప్రిన్సిపాల్‌గారు తీరిక ఇచ్చారు. ఒకసారి విషం కలిశాక మళ్లీ మరిగించినా క్రిమి చస్తుందేగానీ విషం చావదు. శాఖను చూసి విషాన్ని కొంతవరకు ఊహించవచ్చు. కానీ ఊహను పట్టుకుని ఒకరి పొయ్యి ఆర్పకూడదని నఫీసా రెండూ పరీక్షించింది.

ఫలితం వచ్చింది. దద్దోజనంలోదీ, రోగుల వాంతుల్లోదీ ఒకే శాఖ, దానికి విషం జన్యువు ఉంది. అచ్చియ్యమ్మ ముక్కులోది వేరే శాఖ, దానికి విషం జన్యువే లేదు. అది అద్దె ఎగ్గొట్టడం తప్ప ఇంకే పాపమూ ఎరగదు.

"మరి గిన్నెలోది ఎవరిది?" అని నఫీసా అడిగింది. గదిలో అందరికీ తెలుసు. ఒకరు గోడ గడియారం చూశారు, ఒకరు చెప్పులు చూసుకున్నారు. సోమయాజులుగారు ఇంకా మానని తన వేలిని చూసుకున్నారు. తర్వాత లేచి, తనే వేలి నుంచి నమూనా తీసి, నన్ను మంటలో పెట్టారు.

గీత గీశాక ప్లేటు అడుగున పేరు రాయాలి. పెన్ను ఆగిపోయింది. ఆ ప్లేటు చెత్తబుట్టలో పడేసినా అడిగే మొనగాడు ఆ కాలేజీలో లేడు. నాకు నిజంగా భయమేసింది. నేను ప్రేమించిన చెయ్యి అది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇంటిపేరుతో సహా తన పేరు పూర్తిగా రాశారు.

పరీక్షలో అదే శాఖ, అదే జన్యువు తేలాయి. అసలే గోరుచుట్టు, ఆపై రోకటిపోటు.

ప్రిన్సిపాల్‌గారు హడావిడిగా మా గదికే వచ్చి తలుపు వేశారు.

"ఇది బయటికెందుకండీ సోమయాజులుగారూ? మూలం తెలియలేదని రాసేద్దాం. మీ పరువు, కాలేజీ పరువు, రెండూ నిలుస్తాయి."

"మరి అచ్చియ్యమ్మ?"

"అనుమానం ఎలాగూ మిగులుతుంది కదా. ఇంకెవరికైనా ఇద్దాం క్యాంటీను."

"అయితే నా పేరే రాయండి," అన్నారు సోమయాజులుగారు. "ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి. నేనే తీసి వస్తాను."

ఆయన వెళ్లి తాళం తీశారు. అచ్చియ్యమ్మ ఆయన్ని కూర్చోమనలేదు. పొయ్యి వెలిగించుకుంది.

కొన్నేళ్లకు ప్లాస్టిక్ లూపులు వచ్చాయి. ఒక్కసారి వాడి పారేస్తారు, మంటలో దూకే శ్రమ లేదు. పౌరుషం కూడా లేదు, అది వేరే మాట. నన్నూ నా తోటివాళ్లనూ ఆవిరిపెట్టెలో శుభ్రం చేసి పాత ఇనుము కుప్పలో పడేశారు. నా కథ అక్కడితో సరి అనుకున్నాను. పదవీ విరమణకు దగ్గరపడ్డ సోమయాజులుగారు అటు వెళ్తూ నన్ను గుర్తుపట్టి జేబులో వేసుకున్నారు. అచ్చియ్యమ్మ స్టవ్ బర్నరు కన్నాలు పూడుకుపోయి మంట సరిగా రావడం లేదని ఎవరో అనడం ఆయన విన్నారట. క్యాంటీన్‌కు తీసుకెళ్లి, నా చుట్టు విప్పి, తీగను తిన్నగా సాగదీసి ఆవిడ ముందు చాపారు.

"ఇది తీసుకోమ్మా. మంటకు అలవాటుపడిందే."

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది.

"ఏవనుకోకండి అయ్యగారండీ. ముందు చేతులు కడుక్కుని రండి."

టీ కోసం నిలబడ్డ పిల్లలు కిసుక్కుమన్నారు. కోపం ముక్కు మీదుండే సోమయాజులుగారు బుద్ధిగా కుళాయి దగ్గరికి వెళ్లి, నన్ను గట్టు మీద పెట్టి, సబ్బుతో వేళ్ల సందులు కూడా రుద్ది కడుక్కుని, నన్నూ కడిగి తెచ్చారు. అచ్చియ్యమ్మ ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పించి చూసింది. చూపుడు వేలిని ఇంకాస్త దగ్గరగా చూసింది. అప్పుడు నన్ను అందుకుని, ఆయనకు స్టూలు జరిపింది.