తల కొలత

మల్‌సుక్‌కి తలనొప్పి కొత్త కాదు. ఆ మాటకొస్తే జెజు దీవిలో సముద్రం అడుగుకి మునిగి నత్తలు ఏరే ఆడవాళ్లెవరికీ కొత్త కాదు. నీళ్లలోకి దిగే ముందు ఒక తలనొప్పి పొడి పొట్లం నోట్లో వేసుకోవడం అందరికీ అలవాటే. ఈమధ్య ఆమె రెండు వేసుకుంటోంది, రెండోది చాటుగా. తెలిస్తే జట్టు పెద్ద దోక్‌హ్వా ఒడ్డున కూర్చోబెట్టేస్తుంది. యాభై నాలుగేళ్ల వయసులో ఒకసారి ఒడ్డున కూర్చుంటే ఇక ఎప్పటికీ ఒడ్డేనని మల్‌సుక్ భయం.

చలికాలం ముందు రబ్బరు సూట్ల కొలతలకి హ్యున్ దర్జీ వచ్చాడు. బట్టలు మార్చుకునే రాతి పాకలో మంట చుట్టూ ఆడవాళ్లు వరసకట్టారు. మల్‌సుక్ తన వంతు రాగానే పాత చేతి తొడుగులు పట్టడం లేదనీ, తల తొడుగు నుదుటిని నొక్కేస్తోందనీ చెప్పింది.

"సగం నత్తలు నీళ్లలోనే మింగేసి పైకొస్తోంది. ఒళ్లు చెయ్యక ఏమవుతుంది దీనికి?" అంది దోక్‌హ్వా. అందరూ నవ్వారు, మల్‌సుక్ కూడా.

దర్జీ నవ్వలేదు. టేపు మళ్లీ చుట్టి చూసి, పాత కొలతల పుస్తకం తిరగేశాడు.

"ఒళ్లు చేస్తే ముందు నడుం పెరగాలి కదమ్మా. నీ నడుం ఆరేళ్లుగా ఇంతే. తల రెండు సెంటీమీటర్లు పెరిగింది, పాదం ఒక సైజు పెరిగింది. యాభై దాటిన మనిషికి తల ఎందుకు పెరుగుతుంది?"

దర్జీ ఇంకో సంగతి కూడా చెప్పాడు. తూర్పున వేరే ఊళ్లో ఒకామెకి ఇలాగే కొలతలు మారితే తను కొత్త సూటు కుట్టిచ్చి ఊరుకున్నాడట. తర్వాత ఆమెకి మెదడు కింద గడ్డ అని తేలిందట, అప్పటికే సగం చూపు పోయిందట. పెద్దాసుపత్రిలో చూపించుకుని వస్తే తప్ప ఈసారి రబ్బరు కొయ్యనన్నాడు.

తనని నీళ్లకి దూరం చెయ్యడానికి వీడెవడని మల్‌సుక్‌కి ఒళ్లు మండింది. ఇంటికొచ్చి, తను మారిందా అని భర్త గిల్‌హోని నిలదీసింది. అతను కమలాపళ్లు ఏరుతూనే జవాబు చెప్పాడు. గురకకి గోడలు అదురుతున్నాయి, గొంతు బొంగురుపోయింది, ముందు పళ్ల మధ్య సందులొచ్చాయి.

"మరి చెప్పవేం?"

"వయసులే అనుకున్నా. నా మొహం మాత్రం ఏం మిగిలిందని?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందుగా పాత ఫోటో అడిగింది. ఎనిమిదేళ్ల కిందటి కూతురి పెళ్లి ఫోటోని మల్‌సుక్ మొహం పక్కన పెట్టి చాలాసేపు చూసింది. చెమట ఎక్కువగా పడుతోందా, ఉంగరం బిగిసిందా, తల నొస్తోందా, పక్కనున్నవి కనిపిస్తున్నాయా అని అడిగింది. ప్రతిదానికీ మల్‌సుక్ దగ్గర జవాబుంది. వేళ్లు ఉప్పునీళ్లకి ఉబ్బాయి, తలనొప్పి లోతుకి దిగడం వల్ల వచ్చింది.

"తప్పులన్నీ సముద్రం మీదకే తోసేశారు," అంది డాక్టరమ్మ.

రక్తపరీక్షలో, స్కానింగులో అసలు సంగతి తేలింది. మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో బఠాణీ గింజ కంటే కాస్త పెద్ద గడ్డ ఉంది. ఎదుగుదల హార్మోనుని అదుపు లేకుండా వదులుతోంది. క్యాన్సర్ కాదు. చూపు నరాన్ని ఇంకా తాకలేదు. ముక్కులోంచి వెళ్లి తీసెయ్యొచ్చు.

మల్‌సుక్ ఒక్కటే అడిగింది. "మళ్లీ నీళ్లలోకి దిగొచ్చా?"

"గాయం మానాక, నేను చూసి సరే అన్నాక. అప్పటిదాకా బకెట్లో కూడా తల ముంచొద్దు."

బయటికొచ్చి భర్త పక్కన కూర్చుని ఏడ్చింది. ఏమన్నారో తెలియక అతను బిక్కచచ్చిపోయాడు. ఇన్నాళ్లూ ముసలితనమనీ తిండియావనీ అనుకున్నదంతా ఒక్క గింజ పనేనని చెప్పేసరికి, ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

ఆపరేషనైన మూడు నెలలకి రక్తంలో హార్మోను మామూలుకి దిగింది. తల నొప్పి లేకుండా ఎలా ఉంటుందో మల్‌సుక్‌కి కొత్తగా తెలిసింది. వసంతంలో ముందు లోతులేని నీళ్లలో దిగి చూడమంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే దోక్‌హ్వా నత్తల గంజి పట్టుకొచ్చింది. రెండో పొట్లం సంగతి గిల్‌హో నోరు జారి చెప్పేశాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే కూర్చోబెట్టేదానివిగా."

"కూర్చోబెట్టేదాన్నే. తగ్గాక లేపేదాన్ని కూడా. నిన్ను వదిలేస్తే ఆ పడమటి రాళ్ల దగ్గరకి నాతో ఎవరొస్తారు?"

మల్‌సుక్ గంజి ఇంకాస్త పొయ్యమని గిన్నె చాచింది.