నొప్పి పుట్టే వేలు

కమ్లి కుడిచేతి చివరి రెండు వేళ్ళకు నిప్పు తగిలినా తెలియదు. ఆ సంగతి ఆమెకన్నా ముందు ఆమె అత్తకే తెలిసింది. కారేపల్లి దగ్గర తండాలో ఒకరోజు పొద్దున కమ్లి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తుంటే కమురు వాసన వచ్చింది. రొట్టె మాడుతోందేమోనని అత్త వచ్చి చూస్తే రొట్టె బాగానే ఉంది. మాడుతున్నది కోడలి ఉంగరపు వేలు. ఆ మహాతల్లి మాత్రం పెనం అంచుకు వేలు ఆనించి ఎటో చూస్తూ తీరిగ్గా కూర్చుంది.

పెద్దరోగం అన్నారు, అంటే కుష్ఠు. ఆ మాట బయటపడ్డాక తండాలో చెప్పుకోవడానికి వేరే కబురే లేకపోయింది. భర్త హాతీరాం మంచివాడే గాని తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆస్పత్రిలో కమ్లిని చేర్పించి, "నయం కాంగనే వచ్చి తీస్కపోత" అని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. అప్పటికి కూతురు కళ్యాణికి మాటలు సరిగ్గా రాలేదు. కమ్లి బస్సు పోయినవైపు కాసేపు చూసింది. లోపలికి వచ్చి పెట్టిన అన్నం తిని పడుకుంది. బాధ లేదని అనుకోకండి. ఎక్కడో ఉండే ఉంటుంది, ఆమెకే అందలేదు.

మందులు ఏడాది తిరిగేసరికి రోగాన్ని కడిగేశాయి. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. కానీ చచ్చిన నరం తిరిగి బతకదు. అందుకే ఆ ఆస్పత్రిలో రోజూ సాయంత్రం అందరూ నీళ్ళలో చేతులు నానబెట్టుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూసుకోవాలి. ఎక్కడ కోసుకుందో, ఎక్కడ కాలిందో తోలు చెప్పదు కాబట్టి కళ్ళతోనే వెతుక్కోవాలి. కమ్లికి ఆ పని అంటే బద్ధకం. చూసి ఏం చేయాలట? ఒక పుండు మానేలోపు ఇంకోటి లేచేది, ఇంటికి పంపడం మళ్ళీ వాయిదా పడేది. ఆమె ఆ మాట వినేసి పోయి మంచమ్మీద కూర్చునేది.

ఆస్పత్రి కట్టిన విదేశీ డాక్టర్లు ఎప్పుడో వెళ్ళిపోయారు గాని వాళ్ళ పియానో పెద్దహాల్లో మిగిలిపోయింది. ఏటా వానలకు ఉబ్బీ ఉబ్బీ దాని ప్రాణం కడబట్టింది. వేళ్ళతో నొక్కే మెట్లు సగం పలికేవి, సగం మూలిగేవి. కొన్నిటి మీది తెల్లపెచ్చు ఊడిపోయి అంచులు పదును తేలాయి. చేతులకు వ్యాయామం చేయించే శారద మేడం ఖమ్మంలో కాన్వెంటు చదువుకున్న మనిషి, పియానో అక్కడే నేర్చుకుంది. రబ్బరుబంతి పిసకమంటే మొహం చాటేసే ఆడవాళ్ళను ఆ పియానో ముందు కూర్చోబెట్టి, వేళ్ళు విడదీసి ఒక్కో మెట్టూ నొక్కించేది.

ఒకరోజు ఆమెకే సరదా పుట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గోటితో ఒక్క ఊపున గీసింది. మెట్లన్నీ ఒకదాని వెనక ఒకటి జలజలా పలికాయి. అంతలోనే "స్స్" అని వేలు నోట్లో పెట్టుకుంది.

"దీన్ని గ్లిసాండో అంటరు. జాగ్రత్తగ వాయించకుంటే వేలి తోలు లేస్తది" అంది నవ్వుతూ.

ఆడవాళ్ళు దానికి జారుడు అని పేరు పెట్టారు. అదే ఖాయమైంది.

కమ్లి లేచి వచ్చి, ఎవర్నీ అడక్కుండా ఉంగరపు వేలితో గీసింది. ఆ వేలు కాస్త వంకర తిరిగి ఉంటుంది, మెట్ల మీద కొక్కెంలా కుదురుకుంది. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తగ్గకుండా, హాలు మారుమోగేలా గీసింది. మొహంలో చిన్న మార్పు లేదు. మళ్ళీ గీసింది. ఇంకోసారి గీసింది.

"నీది వేలా ఇనుపకడ్డా పిల్లా?" అని నోరు తెరిచింది జంపక్క. కమ్లి పక్కమంచం మనిషి ఆమె, అడవి లోపలి కోయగూడెం నుంచి వచ్చింది. ఊరికే ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు.

ఈ ఆస్పత్రిలో అడుగుపెట్టాక కమ్లిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. అందరికీ నొచ్చేది తనకు నొయ్యదు! రోగం అన్నీ గుంజుకుని ఇదొక్కటి చేతిలో పెట్టిందా అనిపించింది. శారద ఊరుకుంటేగా, ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. గోటి మొదట్లో తోలు చిట్లి ఎర్రబారి ఉంది.

"చూసినవా? నాకు నొచ్చింది, ఆపిన. నీకు నొయ్యలే, ఆపలే."

"నొస్తలేదు కద మేడం, మరింకేంది?"

"నొయ్యని వేలే ముందు పోతది కమ్లీ. జారుడు నేర్చుకుంటవా? నేర్పుత. నడిమి వేలుతోటి నేర్చుకో. అది నీకు నొస్తది."

నొచ్చే వేలితో నొప్పి లేకుండా వాయించడం! ఇదేం తిరకాసు అనుకుంది కమ్లి. అయినా కూర్చుంది. ముందు పియానో మూత వేసి, ఆ చెక్క మీదే గీయించింది శారద. తర్వాత మెట్ల మీద చేతిరుమాలు పరిచి గీయించింది. ఆ తర్వాతే ఉత్త మెట్ల మీదికి రానిచ్చింది.

"గోరు మెట్టుకు, తోలు నీకు. తోలు తగలద్దు. వేలు పండబెట్టు, గట్ల నిలబెట్టకు. మణికట్టు వదులు చెయ్యి. మెట్టును లోపలిదాక తొక్కుడు కాదు, మీదమీదకెళ్ళి పోవాలె. చెయ్యి తీస్కపోతది, వేలు ఊకె దాని ఎంబడి పోతది."

చెప్పినంత తేలికా? నడిమి వేలు పది మెట్లు దాటకముందే చురుక్కుమనేది. ఆ వేలంటే కమ్లికి ఒళ్ళుమంట. పక్కన ఉంగరపు వేలు ఏ గోలా లేకుండా పడి ఉంటే, ఇదొక్కటీ ప్రతిదానికీ ఏడుపు. కానీ చురుక్కుమన్న ప్రతిసారీ ఎక్కడ బరువు ఎక్కువైందో తెలిసొచ్చేది. రానురాను చెయ్యి తేలికపడింది. పెచ్చూడిన మెట్ల దగ్గర వేలు తనంతట తనే పైకి తేలడం నేర్చుకుంది. ఒకనాడు జారుడు చివరిదాకా పోయింది, నొప్పి లేదు. పెద్దగా మోగలేదు గాని నున్నగా మోగింది. శారద ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

ఇంకో వింత జరిగింది. ఆ వేలిని చూసుకోబోయి కమ్లి మిగతా వేళ్ళనూ చూసుకోవడం మొదలుపెట్టింది. పుండ్లు మానాయి, కొత్తవి లేవలేదు. ఆస్పత్రి వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక ఆఖరుసారి చేతులు చూసి, గాయం లేకపోతే ఆ రోజే ఇంటికి పంపిస్తానన్నాడు డాక్టరు. హాతీరాంకు ఫోన్లో కబురు వెళ్ళింది. బిడ్డను తీసుకుని వస్తానన్నాడు.

"సంబురమేనా?" అని అడిగింది జంపక్క.

"ఏమో" అంది కమ్లి. నిజంగానే ఆమెకు తెలియలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. "బిడ్డ నా దగ్గరికి రాకుంటే ఎట్లక్కా? రాకుంటే ఇంటికి పోయి ఏం జెయ్యాలె?"

జంపక్క ఆమె చేతులు అందుకుని వెలుతురులో తిప్పి చూసింది.

వార్షికోత్సవం నాడు హాలంతా రంగుకాగితాలు కట్టారు. శారద ప్రార్థనాగీతం వాయించింది, పాట చివర కమ్లి నడిమి వేలితో జారుడు తీసింది. జనం చప్పట్లు కొట్టారు, ఉపన్యాసాలు అయిపోయాయి, అందరూ భోజనాలకు కదిలారు. శారద అతిథుల వెంట వెళ్ళింది. అప్పుడు వచ్చాడు హాతీరాం, దారిలో బస్సు చెడిపోయిందని గొణుక్కుంటూ. అతని కాళ్ళ వెనక కళ్యాణి ఉంది.

"రా బిడ్డా" అని కమ్లి చేతులు చాచింది. పిల్ల తండ్రి ప్యాంటు ఇంకా గట్టిగా పట్టుకుంది. బిస్కెట్టు పొట్లం చూపించింది. పిల్ల పొట్లం లాక్కుని మళ్ళీ వెనక్కి దూరింది.

"కొత్త గద, జరసేపైతే వస్తది" అన్నాడు హాతీరాం. అతని గొంతులో నమ్మకం లేదు.

ఏం చేయాలో తోచక కమ్లి పియానో వైపు తిరిగి జారుడు తీసింది. బిస్కెట్టు నమలడం ఆగిపోయింది. తండ్రి కాళ్ళ మధ్య నుంచి ఒక మొహం బయటికొచ్చింది.

"మళ్ళీ."

మళ్ళీ తీసింది. పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. తీసినకొద్దీ దగ్గరికి వచ్చి, చివరికి స్టూలుకు ఆనుకుని నిలబడింది. తల్లి మోకాలి మీద చెయ్యి వేసి, ఆ సంగతే మర్చిపోయి, "మళ్ళీ, మళ్ళీ" అని గెంతుతోంది. నడిమి వేలు అప్పటికే భగ్గున మండుతోంది. మండితే ఆపాలని శారద లక్షసార్లు చెప్పింది. కమ్లికీ తెలుసు. ఆపితే మోకాలి మీది చెయ్యి పోతుందని కూడా తెలుసు.

వేలు మార్చింది.

ఉంగరపు వేలు హాలంతా మోగించింది. ఎంత గట్టిగా మోగితే పిల్ల అంత విరగబడి నవ్వింది. పదును తేలిన మెట్ల మీద ఎన్నిసార్లు గీసిందో కమ్లి లెక్క పెట్టలేదు. ఆమె కళ్ళు మెట్ల మీద లేవు, పిల్ల పళ్ళ మీద ఉన్నాయి.

"యాడీ" అంది కళ్యాణి. వాళ్ళ భాషలో అమ్మను అలాగే పిలుస్తారు. "యాడీ, ఎర్రగైంది."

తెల్లమెట్ల మీద పొడుగునా నెత్తురు గీత.

హాతీరాం పరిగెత్తి డాక్టరును పిల్చుకొచ్చాడు. వెనకే శారద వచ్చింది. వేలు చూసి, తర్వాత పిల్లను చూసి, చేతిరుమాలుతో నెత్తురు తుడిచింది. తోలు లోతుగా తెగింది. డాక్టరు కోప్పడలేదు, "మానేదాకా పంపను" అన్నాడు, అంతే.

"సరే సార్, మళ్ళొస్త" అన్నాడు హాతీరాం తల దించుకుని. ఎప్పుడొస్తావని కమ్లి అడగలేదు. బస్సు చూసొస్తానని అతను బయటికి నడిచాడు, దూది తెస్తానని శారద వెళ్ళింది.

కళ్యాణి మాత్రం అక్కడే ఉంది. తెగిన వేలిని రెండు చేతుల్తో పట్టుకుని, బుగ్గలు పూరించి, ఉఫ్ ఉఫ్ అని ఊదడం మొదలుపెట్టింది. దెబ్బ తగిలితే అలా ఊదాలని నాయనమ్మే నేర్పి ఉంటుంది. కమ్లి చూస్తోంది. బుగ్గలు ఉబ్బడం కనిపిస్తోంది, పెదవులు కనిపిస్తున్నాయి. వేలికి ఏమీ తెలియడం లేదు. ఆ ఊపిరి చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియదు. బిడ్డ పట్టుకున్నదీ తెలియదు. కమ్లికి ఒళ్ళంతా భయం పుట్టింది.

చెయ్యి విడిపించుకుని, నడిమి వేలు ముందుకు పెట్టింది.

"దీని మీద ఊదు బిడ్డా. గిది నొస్తుంది."

పిల్ల ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి నెత్తురు రాలే."

"రాకున్నా నొస్తది."

కళ్యాణి ఊదింది. సన్నగా, కాస్త తడిగా, బిస్కెట్టు వాసనతో. మండుతున్న చోట చల్లగా తగిలింది. కమ్లికి ఏడుపు తన్నుకొచ్చింది. పళ్ళ బిగువున ఆపాలని చూసింది గాని ఆగలేదు.

పిల్ల బెదిరి తలెత్తింది. "గంత నొస్తుందా యాడీ?"

"అవ్" అంది కమ్లి. "మస్తు నొస్తుంది."

బయట హాతీరాం బస్సొచ్చిందని కేకేస్తున్నాడు. కళ్యాణి ఇంకా ఊదుతూనే ఉంది.