పులుసు దగ్గర దొరికిన అమ్మలు

కంబోడియాలోని సియెం రీప్ ఊరి చివరి అనాథాశ్రమంలో ఇరవైముగ్గురు పిల్లలు. కాగితాల్లో ఒక్కరికీ తల్లీ తండ్రీ లేరు. ఈ సంగతి సంక్షేమ శాఖ ఉద్యోగిని సోతియాకు మింగుడు పడలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో అంతమంది పోవాలంటే ఏ మహమ్మారో రావాలి. అదేమో ఆమె రికార్డుల్లో ఎక్కడా లేదు.

రెండుసార్లు వెళ్ళి అడిగింది. పిల్లలు తలలు వంచుకొని, "పోయారు పిన్నీ" అని ఒకే రాగంలో అప్పజెప్పారు. డైరెక్టర్ వన్నారిత్ రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. రెండేసి వారాలు సేవ చేసి పోదామని ఆశ్రమానికి డబ్బు కట్టి మరీ విదేశాల నుంచి వచ్చిన కుర్రకారు కూడా ఏడ్చారు. అలాంటి రాకపోకలు ఆపించమనీ, అయినవాళ్ళున్న పిల్లల్ని ఇళ్ళకు చేర్చమనీ సర్కారు ఉత్తర్వు. అది చూపిస్తే వన్నారిత్, "ఉంటే చేర్చండి మేడం" అని దణ్ణం పెట్టాడు.

మూడోసారి సోతియా సరిగ్గా భోజనాల వేళకు వెళ్ళి పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. పులుసు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇదేం పులుసు? కాస్తే నేనే కాయాలి. ఈ జిల్లాలో నన్ను మించినవాళ్ళు లేరు."

ఎవరొచ్చినా డైరెక్టర్ ముందు వరుసలో నిలబెట్టే తొమ్మిదేళ్ళ కున్థియా కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేకపోయింది.

"మీరు పులుపుకు ఎర్రచీమలు వేస్తారా?"

"చీమలెందుకు? చింతపండు చాలదూ?"

"అయితే మీకు పులుసు రాదు పిన్నీ. మా అమ్మ వేస్తుంది."

పక్కనున్నవాడు వాళ్ళమ్మ చేపల పులుసు ముందు అదెంత అన్నాడు. ఇంకొకతె లేచి నిలబడి మరీ వాళ్ళమ్మను పొగిడింది. సోతియా ఒక్కొక్కరినీ రెచ్చగొట్టింది. రుచి చూస్తే గాని నమ్మనంది, ఏ ఊరు రావాలో చెప్పమంది. వంతెన దాటాక రెండో ఇల్లని ఒకరు, మిల్లు వెనకాలని ఒకరు అరిచి చెబుతుంటే చకచకా రాసుకుంది.

వన్నారిత్ పరుగున వచ్చాడు. "పసిపిల్లలు, ఏవో కలలు కంటారు మేడం."

"పందొమ్మిది మందీ చిరునామాలతో సహా కన్నారా?"

పది రోజులుగా కున్థియాకు జడలేస్తున్న ఆస్ట్రేలియా అమ్మాయి హెదర్, ఏం జరుగుతోందని అడిగింది. సోతియా దాచకుండా చెప్పింది. హెదర్ కున్థియా వైపు తిరిగింది.

"మొన్న నన్ను పట్టుకుని ఏడ్చిందే!"

"ఏడుపు నిజమేనమ్మా. అమ్మ లేక కాదు, ఉండీ దగ్గర లేక. నువ్వూ రేపో మాపో వెళ్ళిపోతావు, మళ్ళీ ఏడుస్తుంది."

హెదర్ ఆ సాయంత్రమే సామాను సర్దుకుంది. తన వెనక రాబోయే స్నేహితులకు రావద్దని ఉత్తరం రాసింది.

నలుగురికి మాత్రం నిజంగానే ఎవరూ లేరు. వాళ్ళ బంధువుల కోసం సోతియా ఇంకా వెతుకుతూనే ఉంది. మిగతావాళ్ళను ఒక్కొక్కరినే ఇళ్ళకు చేర్చసాగింది.

కున్థియా తల్లి సోఖిమ్, ఎత్తైన గుంజల మీద కట్టిన ఇంటి మెట్లు దిగి వచ్చి, తలెత్తకుండా నిలబడింది.

"ఆశ్రమం వాళ్ళు ఇంగ్లీషు చదువన్నారు. మూడు పూటలా అన్నమన్నారు. పిల్ల బెంగపడుతుంది, చూడ్డానికి రావద్దన్నారండీ" అంది.

దారి పొడుగునా కూర్చుకున్న చీవాట్లు సోతియా నోట రాలేదు. ఊరి బడిలో తానే చేర్పిస్తాననీ, నెలనెలా వచ్చి చూస్తాననీ చెప్పి మోటారు సైకిలెక్కింది.

ఇంటి కింద అప్పటికే తగువు మొదలైంది. అక్క లేదు కదా అని తమ్ముడు ఆమె ఉయ్యాలను సొంతం చేసుకున్నాడట. "దిగరా" అని కున్థియా వాడి కాలు పట్టి లాగుతోంది.