చుక్క పెట్టిన పుల్ల

నాకు ముక్కు మీద కోపం. ఆ మాట నేనే ఒప్పుకుంటాను కాబట్టి ఇంకెవరూ అనక్కరలేదు. ముప్ఫై ఏళ్ళుగా బాణాల పుల్లలకు వంకర తీస్తున్నాను. కొయ్య పుల్ల పుట్టడమే తిన్నగా పుడుతుందనుకునేవాళ్ళకు కొయ్య సంగతి తెలియదు. కట్ట విప్పితే పదింటిలో ఏడు ఎటో చూస్తుంటాయి. ఒక్కోదాన్నీ ఒంటికంటితో ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడాలి. ఉబ్బిన చోట పెన్సిల్‌తో సన్నగీత పెట్టి, స్టవ్ మంట మీద వెచ్చచేసి, గీత మీద బొటనవేలు ఆనించి నొక్కి, చల్లారేదాకా పట్టుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ చూడాలి. పనంతా ఆ చూడటంలోనే ఉంది.

ఈ ఏడాది మొదట్లో నా కుడికన్ను మసకబారింది. శుక్లం, చిన్న ఆపరేషన్ చాలన్నాడు డాక్టరు. కంటి మీద కత్తి పెట్టనిచ్చేది లేదని లేచి వచ్చేశాను. ఆయన రాసిచ్చిన చీటీ పరుపు కింద దాచి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎడమకంటితో చూడబోతే ఎడమచేత్తో సంతకం పెట్టినట్టే ఉంది. కన్ను పోతే పని పోతుంది, పని పోతే నేను మూలన కూర్చుని టీవీ చూసే మనిషినవుతాను. చావు కన్నా నాకు అదే భయం.

ఈ పని నా కొడుక్కి నేర్పాలని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. వాడికి బస్సు నడపడం తప్ప ఇంకేదీ ఎక్కలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని వదిలేశాను. వాడికి పాఠం చెప్పినన్నాళ్ళూ కోడలు పక్కనే బట్టలు మడతపెడుతూ ఉండేది. తొమ్మిదేళ్ళలో నాకు ఒక్క ఎదురుమాట చెప్పి ఎరగదు. అందుక్కూడా నాకు కోపమే. ఆమెకు నేర్పుదామన్న ఆలోచన మాత్రం ఒక్కనాడూ రాలేదు.

పోయిన సోమవారం విలువిద్య నేర్పే మాస్టారు వచ్చాడు. ఆయన శిష్యుల బాణాలన్నీ మా పుల్లలతోనే తయారవుతాయి. విరిగిన బాణం ఒకటి బల్ల మీద పెట్టి, పోటీలకు సరిగ్గా ఇలాంటివే యాభై కావాలన్నాడు. కాసేపు నసిగి, అసలు సంగతి అప్పుడు చెప్పాడు.

"ఏడాది మొదట్లో రెండు కట్టలు మరీ వంకరగా వచ్చాయమ్మా. పని ఇంకోచోట ఇచ్చేద్దామనుకున్నాను, మీ ముందు నోరు పెగల్లేదు. మూడో కట్ట నుంచి చూస్తే, మీ చెయ్యి ఇంత తిన్నగా ఎన్నడూ లేదు."

ఆయన వెళ్ళేదాకా ఆగి పొంగిపోయాను. ఆపరేషన్ లేకుండానే నెగ్గానని డాక్టరును మనసులోనే నాలుగు తిట్టుకున్నాను. తర్వాత ఆ బాణాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాను. వార్నిష్ కింద సగం చెరిగిన నా గీత ఉంది. దానికి సరిగ్గా అవతలి వైపు పెన్సిల్ చుక్క ఒకటి ఉంది. నేను చుక్కలు పెట్టను.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను తప్పు వైపు నొక్కి, తిన్నగా ఉన్న పుల్లను వంచాను. ఎవరో అవతలి నుంచి నొక్కి దాన్ని దారికి తెచ్చారు. మధ్యాహ్నం నేను కునుకు తీసే గంట తప్ప ఆ బల్ల ఖాళీగా ఉండదు. ఆ గంటలో ఇంట్లో ఉండేది ఒక్క మనిషే.

కోపం వచ్చింది, పెరటి గుమ్మం దాకా. కోడలు బట్టలు ఆరేస్తోంది. ఈ చుక్క ఎవరిదని అడిగాను.

"నాదే అత్తయ్యా. సరిచేసినవీ చెయ్యనివీ కలిసిపోకుండా పెట్టుకుంటాను. తర్వాత రబ్బరుతో చెరిపేస్తాను. అదొక్కటి మర్చిపోయినట్టున్నాను."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెబితే పని మానేస్తారు. చేతిలో పుల్ల లేకపోతే నన్ను తిన్నగా చెయ్యడం మొదలుపెడతారు." తొమ్మిదేళ్ళలో అది ఆమె ఆడిన మొదటి హాస్యం. తడి దుప్పటి దులిపి తీగ మీద వేసి, కాస్త మెల్లగా అంది. "దుప్పటి మారుస్తుంటే డాక్టరు చీటీ కనిపించింది. మీ భయం తగ్గేదాకా పని ఇల్లు దాటి పోకూడదనుకున్నాను."

కన్ను మసకబారక ముందే నాకు కళ్ళు నెత్తికెక్కాయని అప్పుడు తెలిసింది. "నా పని నిలబెట్టావమ్మా" అన్నాను. ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదలు. ఆమె దుప్పటి వెనక్కి వెళ్ళి చాలాసేపు బట్టల క్లిప్పులు పెడుతూ ఉంది. ఒక్క దుప్పటికి అన్ని క్లిప్పులు అక్కర్లేదు.

ఆ యాభై పుల్లలూ ఇద్దరం కలిసి చేశాం. మొండితనం కొద్దీ గీత ముందు నేనే పెట్టేదాన్ని. ఆమె చూసి తన చుక్క పెట్టేది. నేను చుక్క మీదే నొక్కేదాన్ని. "ఇంకాస్త, ఇంకాస్త, చాలు" అంటుంటే, ఎవరి మాటా వినని నేను విన్నాను. ఆపరేషన్ వచ్చే గురువారం. చీటీ ఇప్పుడు గోడకు తగిలించి ఉంది.

నిన్న వార్నిష్ పూసే ముందు కోడలు అలవాటుగా రబ్బరు తీసి తన చుక్కలు చెరపబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నా గీతలు చెరిపెయ్యమన్నాను. చుక్కలు ఉండనిమ్మన్నాను. వార్నిష్ పూసింది నేనే కాబట్టి, బాణం విరిగినా ఆ చుక్క పోదు.