అప్పగింతల మీది పాట

హాల్లో టీవీ పక్కనున్న చిన్న కంప్యూటర్ మీద దుమ్ము తుడవడం నా పని. దాన్ని నడపడం నా పని కాదు. మా ఆయన రామ్‌దాస్ దాన్ని హైదరాబాద్ నుంచి తెచ్చిన రోజే ఆ సంగతి తేల్చేశాడు. "గుడ్డతోని పైపైన తుడువు. వైర్లు ముట్టకు. ఖరాబైతే ఈ బోధన్ల చేసేటోడు లేడు" అన్నాడు. మాది బోధన్ బజార్లో ఎరువుల దుకాణం. నాట్ల సీజన్ అయిపోయాక ఆయనకు కాస్త తీరిక దొరికేది. ఆదివారం స్నేహితులను పిలిచి, కంప్యూటర్లో సీడీలేసి, టీవీ మీద సినిమాలు చూపించడం ఆయనకు సరదా. వాళ్లు హాల్లో చూసేవారు. నేను వంటింట్లో మిర్చీలు వేస్తూ వినేదాన్ని. ఆ రోజుల్లో చాలా సినిమాలు నాకు చెవులతోనే తెలుసు.

ఒక ఆదివారం బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. "రేణుకా, ఏం ముట్టినవే?" అని హాల్లోంచి కేక. మగవాళ్లంతా వంటింటి వైపు తిరిగారు. నా చేతులకు శనగపిండి అంటుకొని ఉంది. నేనేం ముట్టలేదన్నాను. "ముట్టకపోతే దానంతల అదే బందైతదా?" అన్నాడు. ఎవరో నవ్వారు. రెండు రోజులకు నిజామాబాద్ నుంచి మెకానిక్ వచ్చి, డబ్బా వెనక్కి వంగి చూసి, "స్పీకర్ వైరు మైకు పెట్టే రంధ్రంల పెట్టిండ్రు సార్. ఇయర్‌ఫోన్ తీసి మల్ల పెట్టేటప్పుడు తారుమారైంది" అన్నాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకొని పాటలు విన్నది మా ఆయనే. నేను చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువేసినవ్" అన్నాడు.

మా ఇంట్లో మధ్యాహ్నాలు చాలా పొడుగు. మా బిడ్డ నిజామాబాద్ హాస్టల్లో ఉండి చదువుకునేది. మా అత్త అంజవ్వ అన్నం తిని పడుకునేది. గిన్నెలు తోమి, బట్టలు మడతపెట్టి, పొయ్యి గట్టు తుడిచి వచ్చి కూర్చుంటే, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. పొద్దున్నించి రాత్రి వరకు నాతో మాట్లాడేవాళ్లు లేరని కాదు. ఉప్పు తక్కువైందని, చాయ్ ఏదని, అంగీ గుండీ ఊడిందని మాట్లాడుతూనే ఉండేవారు. నేను ఒక మాట మొదలుపెడితే మాత్రం అది పూర్తయ్యేలోపు ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయేవారు. మొదట్లో మిగిలిన సగం మాట వాళ్ల వెనకాలే చెప్పేదాన్ని. తర్వాత సగంలోనే ఆపడం అలవాటైంది. ఇంకొన్నాళ్లకు మొదలుపెట్టడమే మానేశాను. అలాంటి ఒక మధ్యాహ్నం, మా అత్త గురక వినిపిస్తుండగా, నేను కంప్యూటర్ ముందు కూర్చొని బటన్ నొక్కాను. పరాయి ఇంట్లో బీరువా తెరుస్తున్నట్టు అనిపించింది.

నేను ఇంటర్ దాకా చదివాను. స్క్రీన్ మీద వచ్చే ఇంగ్లీషు కూడబలుక్కుంటే అర్థమయ్యేది. ఆకుపచ్చ రంధ్రం స్పీకర్లకు, గులాబీది మైకుకు. కింద మూలనున్న స్పీకర్ గుర్తు మీద ఎర్రగీత ఉంటే సౌండ్ ఎవరో మూసేశారని. మనిషి పెదవులు ఒకచోట, మాట ఇంకోచోట పడుతుంటే మిషను మీద బరువు ఎక్కువైందని, తెరిచి ఉన్న మిగతావి మూసేస్తే రెండూ కలుస్తాయని మెల్లగా తెలుసుకున్నాను. ఒకటి రెండుసార్లు భయపడ్డాను కూడా. బొమ్మ తలకిందులైపోతే మళ్లీ నిలబెట్టేసరికి చెమటలు పట్టాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత తర్వాత తెలిసింది. బొమ్మ ఆగిపోతే ఆయన, "జర ఇటు రా, సూడు" అని పిలిచేవాడు. పిండి చేతులు కొంగుకు తుడుచుకొని వెళ్లి సరిచేసి వచ్చేదాన్ని. నేను వంటింట్లోకి తిరిగొచ్చేలోపే, స్నేహితులతో ఆయన అనే మాట వినిపించేది. "గీ మిషన్లు గింతే. కొంచెంసేపు ఆగితే అవే మల్ల నడుస్తయి."

ఆ ఏడు మా అత్త ఒక కోరిక కోరింది. చనిపోయిన మా మామను ఒక్కసారి చూడాలంది. మా పెళ్లి వీడియో కెసెట్ బీరువాలో పాతచీరల కింద ఉంది. దాన్ని పెట్టే వీసీఆర్ మా ఇంట్లో ఏనాడూ లేదు, నేనది ఒక్కసారీ చూడలేదు. పెళ్లి వీడియో తీసిన భోజన్నకు బస్టాండు దగ్గర ఇంకా స్టూడియో ఉంది. ఆయన ఆ కెసెట్‌ను సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. అందరం కూర్చున్నాం. బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. "సౌండెందుకే, మీ మామ మంచిగనే కనవడ్తుండు" అని మా అత్త కళ్లు తుడుచుకుంది. మా ఆయన తన మీసాలు చూసుకొని నవ్వుకున్నాడు. నేను మాత్రం అప్పగింతల కోసం చూస్తున్నాను.

మా అమ్మ పేరు సాయవ్వ. అవ్వా అనే పిలిచేవాళ్లం. రెంజల్‌లో బీడీలు చుట్టి నన్ను చదివించింది. అప్పగింతలప్పుడు నన్ను జీపు దాకా తెచ్చి, నా గదుమ పట్టుకొని, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. పక్కనే బ్యాండు మోగుతోంది. నేను ఏడుస్తున్నాను. ఆ మాట నాకు వినపడలేదు. తర్వాత అడుగుదాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. పెళ్లయిన రెండో ఏడు అవ్వకు పచ్చకామెర్లు ముదిరాయని కబురొచ్చింది. అప్పుడు మా చేన్లో పసుపు ఉడకబెడుతున్నారు. "కూలోళ్లకు వంట ఎవలు చేస్తరు? పసుపు అయినంక పో. కామెర్లతోని ఎవలన్న సచ్చిపోతరా?" అంది మా అత్త. ఆయన చేను వైపు వెళ్లిపోయాడు. పసుపు అయినాక పోతే అప్పటికే మట్టి చేశారు, నాకు అవ్వ ముఖం చూసే అవకాశం కూడా దొరకలేదు.

ఇప్పుడు టీవీలో అవ్వ పెదవులు కదులుతున్నాయి. ఒకటి కాదు, రెండు మూడు మాటలు చెప్పింది. నేను అనుకున్నదానికంటే ఎక్కువ చెప్పింది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నాలన్నీ ఆ సీడీతోనే. వేరే సినిమా పెడితే సౌండ్ వస్తోంది. అంటే వైర్లు బాగానే ఉన్నాయి, స్పీకర్లు బాగానే ఉన్నాయి. ఇంకో ప్లేయర్‌లో తెరిస్తే, ఈ సౌండ్‌ను చదవడం నాకు రాదన్నట్టు ఒక వాక్యం వచ్చి నిలబడింది. భోజన్నకు ఫోన్ చేశాను. "ఔ అక్కా, సౌండ్ వేరే తీరుగ ఎక్కించిన. దాన్ని సదవనీకె ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించుకోవాలె. దుకాన్‌కు వస్తే సీడీల ఏసిస్త" అన్నాడు. కూరగాయలకని చెప్పి వెళ్లి తెచ్చుకున్నాను. సంచిలో వంకాయల మధ్య ఆ సీడీ పెట్టుకొని నడుస్తుంటే, రెంజల్‌కు అవ్వ దగ్గరికి పోతున్నట్టే ఉంది.

ప్రోగ్రాం ఎక్కించాను. సీడీ పెట్టాను. జీపు దగ్గరికి జరిపాను. సౌండ్ వచ్చింది.

పాట వచ్చింది. ఆడపిల్ల అత్తారింటికి పోతుంటే వేసే ఏదో సినిమాలోని ఏడుపు పాట. వెనక్కి జరిపాను. తలంబ్రాల దగ్గర ఇంకో పాట. బంతి భోజనాల దగ్గర ఇంకోటి. మొదటి నుంచి చివరి దాకా ఒక్క మనిషి గొంతు లేదు. అవ్వ నా చెవిలో మాట్లాడుతుంటే, మద్రాసులోనో హైదరాబాద్‌లోనో ఎవరో గాయని పాడుతోంది. స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. పాట కింద ఏమైనా మిగిలిందేమోనని. ఏమీ లేదు. చివరికి సౌండ్ పూర్తిగా తీసేసి అవ్వ పెదవులను మళ్లీ మళ్లీ చూశాను. "బిడ్డా" అన్నది ఒక్కటే తెలిసింది. అది ఎవరికైనా తెలుస్తుంది.

మా అత్త లేచి వచ్చి, "ఇందాక పాట మంచిగొచ్చె. ఎందుకు బంద్ వెట్టినవ్?" అంది. నేను మళ్లీ పాట పెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఆ సాయంత్రం మా ఆయన స్నేహితుడికి ఫోన్ చేసి, సౌండ్ సినిమా హాల్లో వచ్చినట్టే వస్తుందని చెప్పాడు.

నేను మళ్లీ భోజన్న దగ్గరికి పోయాను. పాట లేని కెసెట్ ఉందా అని అడిగాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. "పాట ఏసినంక కింది సౌండ్ పోతది అక్కా. అసలు టేపు మీద అప్పుడే వేరే పెండ్లి తీసినం. టేపులు ఊకె కొంటమా? అయినా అప్పగింతలల్ల ఏముంటది? ఏడుపులు, బ్యాండు. గదంత ఎవలకు కావాలె? పాట ఏయమనే అంటరు అందరు."

"మా అవ్వ మాట్లాడింది అన్నా" అన్నాను.

ఆయన చేతిలోని కెసెట్ బల్ల మీద పెట్టాడు. "నాకు ఎర్కలేదు అక్కా" అన్నాడు. చెడ్డ మనిషి కాదు. నాకు మంచినీళ్లు తెప్పించాడు. నేను లేస్తుంటే, కెసెట్లు సీడీలు చేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారని, కొత్త పెళ్లి వీడియోలు కూర్చే పని కూడా మిగిలిపోతోందని, మధ్యాహ్నాలు వచ్చి చేస్తే జీతమిస్తానని అన్నాడు. "ఒక్క సౌండ్ కోసం గిన్ని దినాలు కూసునేటోళ్లు నాకు దొరకరు" అన్నాడు.

రాత్రి అన్నం వడ్డిస్తూ ఇంట్లో చెప్పాను. "నీకెందుకీ కష్టం? ఇంట్ల ఏం తక్కువైంది?" అన్నాడు మా ఆయన. "ఇంట్ల కంప్యూటర్ ఉంది గద. గాడనే కూసో." మా అత్త మరీ బాధగా అడిగింది. "మాపటికి నాకు చాయ్ ఎవలు వెడ్తరు?" నేను అవ్వ గురించి చెప్పబోయాను. "మా అవ్వ అప్పగింతలప్పుడు..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఈసారి నేను ఆపలేదు. కొళాయి చప్పుడు ఆగేదాకా నిలబడి, ఆయన తువ్వాలతో తిరిగొచ్చాక మొత్తం చెప్పాను. అవ్వ మాట గురించి, పసుపు గురించి, చాయ్‌లో చక్కెర గురించి కూడా. మధ్యలో ఆయన "ఇప్పుడదంత ఎందుకు" అన్నాడు. అయినా చెప్పాను. చివరన, "రేపటి నుంచి పోతున్న" అన్నాను. ఎవరూ సరే అనలేదు. నేను కూడా అడగలేదు.

ఇప్పుడు రోజూ పోతున్నాను. మా అత్తకు చాయ్ ఫ్లాస్కులో పోసి పెడతాను. ఆమె దాన్ని ముట్టకుండా కొన్నాళ్లు అలిగింది, తర్వాత తాగింది. మా ఆయన ఆ సంగతి ఎత్తడు. స్టూడియో వెనక గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. ఆ ఒంటరితనం ఇంట్లో ఉన్నంత బరువుగా ఉండదు.

మొన్న చందూర్‌లో తీసిన ఒక పెళ్లి నా చేతికి వచ్చింది. ఇంకా పాటలు వేయలేదు. భోజన్న గుమ్మంలోంచి, "అప్పగింతలకాడ ఏడుపు పాట ఎయ్యి అక్కా, రేపు ఇయ్యాలె" అని చెప్పి పోయాడు. నేను ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. బ్యాండు మోగుతోంది. పెళ్లికూతురు ఏడుస్తోంది. ఒక తల్లి ఆ పిల్ల తలను దగ్గరికి లాక్కుంది. సౌండ్ పెంచి, వెనక్కి జరిపి, మళ్లీ విన్నాను.

"బిడ్డా, ఆకలైతే ఎవలన్న పెడ్తరని సూడకు. నువ్వే ఏసుకొని తిను."

అక్కడ నేను పాట వెయ్యలేదు.