షట్టర్ దించాక మడతలు

చనిపోయినవాళ్ళ పేరున మనమిచ్చేది వాళ్ళకు అందుతుందా అన్న అనుమానం నాకు ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఏటా పెత్రమాసకు మా అత్తగారి పేరున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి దండం పెట్టుకుంటాను. ఆయన్ని అడగడానికి మాత్రం నోరు రాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో గజేందర్ సేటు చీరల దుకాణంలో నేను, అండాలమ్మ పక్కపక్కనే పనిచేసేవాళ్ళం. పండుగ గిరాకీలో రోజంతా విప్పి చూపిన చీరలన్నీ షట్టర్ దించాకే మడత పెట్టాలి. ఆ గంటలకు జీతం లేదు.

"ఎక్కువ పనికి రెట్టింపు ఇయ్యాలని చట్టం ఉన్నదట గద సేటూ?" అని అండాలమ్మ అడిగేది.

"దసరాకు చీర పెడుతున్న గదనే, అదేంది మరి?" అని సేటు నవ్వేవాడు.

నిరుడు ఇదే సీజన్లో అండాలమ్మ పని ముగించుకొని ఎల్బీనగర్‌లో తుర్కయంజాల్ బస్సు కోసం నిలబడి, నిలబడ్డచోటే కూలి చనిపోయింది. ఆమె బిడ్డ మౌనిక తల్లి స్థానంలో చేరింది.

ఈ ఏడు గిరాకీ మొదలయ్యాక ఒకనాడు కరెంటు పోయి, చీరలు కుప్పగా వదిలేసి వెళ్ళాం. పొద్దున షట్టర్ ఎత్తేసరికి అన్నీ మడతపెట్టి ఉన్నాయి. ప్రతి చీరకూ కొంగు మూల లోపలికి దోపి ఉంది. అట్లా దోపేది అండాలమ్మ ఒక్కతే. మౌనిక ఒక చీరను చెంపకు ఆనించుకుంది.

"తడిగున్నది అత్తా. చెమట," అంది నాతో.

సేటు భయపడతాడనుకున్నాను. భయపడలేదు. "మంచిదే గద," అని ఆ రోజు నుంచి కావాలనే కుప్ప వదిలించసాగాడు. తొందరగా ఇంటికి పోతున్నామని మిగతావాళ్ళు సంతోషపడ్డారు. మౌనికకు మాత్రం అన్నం సయించేది కాదు.

"సచ్చినంక గూడ మా అమ్మను ఇంటికి పోనిస్తలేడు అత్తా."

పెత్రమాస నాడు నేనే ధైర్యం చేసి, అండాలమ్మ పేరున ఏమైనా పెట్టమని సేటుకు చెప్పాను. ఆయన బియ్యంతోపాటు కొత్త చీర కూడా గల్లాపెట్టె ముందు పెట్టి దండం పెట్టాడు. మర్నాడు బియ్యం అట్లాగే ఉన్నాయి. చీర మాత్రం మడతపడి, మూల దోపుకొని, అరలో అమ్మకానికున్న చీరల మధ్యకు తిరిగి వెళ్ళిపోయింది.

"మా అమ్మ అడిగింది చీర కాదు సేటూ. ఓవర్‌టైం," అంది మౌనిక.

"సచ్చినోళ్ళకు ఓవర్‌టైమా?"

"పని చేయించుకునేటప్పుడు సచ్చిందని యాదికి రాలే?"

సేటు కసిరాడు. కుప్ప వదిలించడం మానలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున చెప్పులు కూడా లేకుండా దుకాణానికి వచ్చాడు.

"రాత్రి కప్పుకున్న దుప్పటి... నేను అండ్ల ఉండంగనే మడత పెట్టింది స్వరూపా. మూల నా మెడ కింద దోపింది," అన్నాడు నాతో.

అండాలమ్మ బతికుండగా చేసిన గంటలు, ఆ తర్వాత చేసినవీ కలిపి, రెట్టింపు లెక్కన మౌనిక చేతిలో పెట్టాడు. పెద్ద మొత్తమేమీ కాదు. మా గంటల మాట ఎత్తితే ఈసారి ఆయన నవ్వలేదు, ఇస్తానన్నాడు.

మౌనిక ఆ డబ్బును ఖాళీ కౌంటరు వైపు చూపించింది. "అమ్మా, ముట్టింది. ఇంగ పో, బస్సు ఒస్తది."

మర్నాడు షట్టర్ ఎత్తాం. చీరలు మేం వదిలిన కుప్పలాగే పడి ఉన్నాయి.