మూడూ నలభై

ముందే ఒప్పుకుంటున్నాను: నేనొక దెయ్యాన్ని చంపాను. ఒక్క లైను చెరిపేసి.

ఆ రోజు పొద్దున నేను వెళ్లేసరికి లిఫ్టు బాబాయ్ పాత బనియన్ గుడ్డతో బటన్లు తుడుస్తున్నాడు. ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగు. ఇరవై ఆరేళ్లుగా అదే ఇనుప స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్లు నోరు తెరవకముందే వాళ్ల అంతస్తు నొక్కుతున్నాడు. ఆయన బొటనవేలి కింద సున్నా అరిగి అరిగి అరసున్నా అయింది.

ఆయన భార్య నాలుగో అంతస్తు తుడిచేది. నీళ్లు మాసిపోతే బకెట్టుతో కిందికి దిగేది. బకెట్టుకి చోటివ్వడానికి ఆయన లేచి స్టూలు మూలకి జరిపేవాడు. "జరపండి జరపండి, మహారాజావారి సింహాసనం!" అనేదట. ఆవిడ పోయి ఏడాదిన్నర. పోయిన రెండు నెలలకి, ఎవరూ నొక్కకుండానే రోజూ మధ్యాహ్నం మూడూ నలభైకి లిఫ్టు నాలుగుకి వెళ్లి, తలుపులు తెరిచి, కాసేపాగి, కిందికి రావడం మొదలుపెట్టింది.

ఆ వేళకి అందరూ మెట్లెక్కుతున్నారు. ఫిర్యాదు మా కంపెనీకి వచ్చింది. లిఫ్టు బోర్డుల్లో ప్రోగ్రాములు రాసేది నేను కాబట్టి నన్ను పంపారు.

"పిన్ని రోజూ ఆ టైముకే దిగేదా?" అని రిసెప్షన్ అమ్మాయిని అడిగాను.

"టైమెక్కడిదక్కా? నీళ్లు మాసినప్పుడల్లా దిగేది. ఒకరోజు రెండింటికి, ఒకరోజు నాలుగున్నరకి." గొంతు తగ్గించింది. "పోయాకే కరెక్టుగా వస్తోంది."

బాబాయ్ విననే విన్నాడు. "ఎవరన్నారు? మూడూ నలభైకే! దాన్ని చూసి గడియారం సరిచేసుకునేవాణ్ణి."

మధ్యాహ్నం ఆరో అంతస్తు మీద మోటారు గదిలో లాప్‌టాప్ తగిలించాను. దొరికింది. రోజూ, మూడూ నలభై, నాలుగో అంతస్తు. పక్కన చిన్న గమనిక: "టెస్టు కోసం. రేపు తీసెయ్యాలి." కింద నా పేరులోని మొదటి అక్షరం. పదహారు నెలల కిందట కొత్త బోర్డు పెట్టిన రోజు రాసింది. మా వాళ్ల "రేపు" అలాగే ఉంటుంది.

తీసేశాను.

కిందికి వచ్చేసరికి మూడూ ముప్పై ఎనిమిది. బాబాయ్ స్టూలు మూలకి జరిపి, జుట్టు తడిచేత్తో దువ్వుకుని, నిలబడి ఉన్నాడు. నలభై అయింది. నలభై అయిదు. లిఫ్టు కదల్లేదు. చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"అలిగిందేమో," అన్నాడు.

నాలుగు దాటింది. నా నోరు ఊరుకోలేదు. అంతా చెప్పాను, తెర మీద చూపించాను. ఆయన ఆ ఒక్క లైనూ చాలాసేపు చదివాడు.

"అయితే ఇన్నాళ్లూ వచ్చింది నువ్వామ్మా?"

"సారీ బాబాయ్. కావాలంటే మళ్లీ పెట్టేస్తా. నిమిషం పని."

"పెడితే నువ్వే వస్తావు తల్లీ. అది రాదుగా."

తనే నాలుగు నొక్కాడు. పైన తలుపులు తెరుచుకున్నాయి. ఖాళీ వరండా, పొడి నేల. ఆయన తొంగిచూడలేదు. తలుపులు మూసుకోకుండా ఆపే బటన్ మీద మాత్రం వేలు అలాగే ఉంచాడు. లిఫ్టు కీచుమని గోల పెట్టాక తీశాడు.

మర్నాడు ఆయన పనికి రాలేదు. వారం తిరక్కుండా రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయాడట.

"నువ్వు పిన్నిని పంపించేశావుగా అక్కా. తోడు వెళ్లాడు."

ఆయన గుండెకి మందులు వాడుతున్నాడని నాకు తెలుసు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన ఒకదానివల్ల ఒకటి జరిగినట్టు కాదనీ తెలుసు. ఆ బిల్డింగుకి వెళ్లాల్సొస్తే మాత్రం మెట్లెక్కుతున్నాను.

మీ దగ్గరా ఇలా వేళకి వచ్చిపోయేవాళ్లెవరైనా ఉంటే నాకు రాయండి. కారణం వెతకనని మాటిస్తున్నాను. ఆ స్టూలుని మాత్రం ఇంకా ఎవరూ కదపలేదు. మూలనే ఉంది, పక్కన ఒక బకెట్టు పట్టేంత చోటు వదిలి.